రాయి లేని స్మారకము
(వార్షిక మహాసభ మొదటినాటి సాయంకాల సమావేశమున చేయబడిన ఉపన్యాసము)

   

యుద్ధములందు మడిసిన మనవారి జ్ఞాపకార్థము మాసబ్ ట్యాంకు ప్రాంతమున నొక స్మారకశిలను నిలుపవలెనను తీర్మానము రేపటి సభలో మీ యెదుటికి రానున్నది. దానికి ముందుగా ఈ ప్రాంతమునకును యుద్ధమునకును గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ముప్పదియైదేండ్లు బాలురచేత శబ్దములును ధాతువులును వల్లె వేయించినవాడనే గాని నేను చరిత్రకారుడను గాను. సైనికుడను అంతకంటెను గాను. అయినను ఆ తీర్మానపు మాటలలో నాకు రెండు మూడు సందేహములు కలవు. ఆ సందేహములకు మూలము చరిత్రయందే యున్నది గనుక చరిత్రనే ముందు మనవి చేసికొందును.

స్మారకమను మాటతో నారంభింతము. స్మృ ధాతువునకు స్మరించుట యర్థము. ప్రేరణార్థమున నది స్మారయతి యగును. స్మరింపజేయునది స్మారకము. రాయి తనంతట దేనిని స్మరింపజాలదు. దానిని చూచి యొకడు "ఇది యెవరిది?" అని యడుగవలెను; వేరొకడు చెప్పవలెను. అడుగువాడును చెప్పువాడును లేనిచో ఎంతటి స్తంభమైనను కాకులు వాలుటకు మాత్రమే యుపయోగపడును. దీనికి విపర్యయముగా, రాయి లేకయే స్మారకములుగా నిలిచిన పేరులు కొన్ని కలవు. మనమిపుడు సమావేశమైన యీ పేట యందుల కుదాహరణము.

మాసబ్ ట్యాంకు అనునది "మాసాహెబా తాలాబు" అను పేరునకు వికృతి. మాసాహెబా యనగా తల్లిగారు. హైదరాబాదు నగరమును 1591లో నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్‌షాకు కూతురును, సుల్తాను మహమ్మదు కుతుబ్‌షాకు రాణియు, అబ్దుల్లా కుతుబ్‌షాకు తల్లియు నైన హయాత్ బక్షీ బేగమే యా తల్లిగారని పెక్కురు చెప్పుదురు. హయత్‌నగరమును ఆమె పేరిటిదే. చెరువు పూడిపోయినది. ఇప్పుడచ్చట చాచా నెహ్రూ పార్కును, రాకపోకల రొదయు, తలమీదుగా పోవు వంతెనయు కలవు. నీరు చుక్కయు లేని చోటును నేటికిని జనులు ట్యాంకు అనియే పిలుచుచున్నారు. ఇంగ్లీషు మాటయే యైనను, చెరువుండెనని సాక్ష్యము చెప్పుటకు ఆ యొక్క మాట మిగిలినది.

ఈ చెరువు పొరుగున రెండు పేటలు కలవు. ఒకటి ఎ.సి. గార్డ్స్, రెండవది ఫస్ట్ లాన్సర్. బస్సు కండక్టరులును ఆటోవారును దినమునకు వందసారులు పలుకు పేరులివి. ఏ.సి. యనగా చల్లదనమిచ్చు యంత్రమని తలచు కుఱ్ఱవాండ్రను నేనెఱుగుదును. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అనగా ఆఫ్రికాజాతి వీరులతో కూడిన యాశ్వికదళము. ఆ సిద్దీలకును మన తెలుగు సంస్థానమైన వనపర్తికిని సంబంధము కలదు. వనపర్తి ప్రభువులయొద్ద ఆఫ్రికా జాతీయుల యంగరక్షకదళముండెను. తరువాత నది నిజాము కొలువునకు వచ్చినది. ఆ రౌతుల సంతతివారు నేటికిని ఎ.సి. గార్డ్స్ పరిసరములయందున్నారు. పెండ్లిండ్లలో మ్రోగు మర్ఫా వాద్యము వారి చేతిదే.

ఇక ఫస్ట్ లాన్సర్. లాన్సరనగా బల్లెము పట్టిన గుఱ్ఱపు రౌతు. హైదరాబాదు ఇంపీరియల్ సర్వీసు లాన్సర్సు అను దళములలో మొదటిది విడిసిన చోటు గనుక దానికా పేరు. ఆ దళపు కథయే నేడు నేను చెప్పదలచినది.

1887లో ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను, భారతదేశపు వాయవ్యసరిహద్దున రష్యావారి భయము పెచ్చు పెరిగిన కాలమున, సరిహద్దురక్షణకై ఇంగ్లీషు ప్రభుత్వమునకు 60 లక్షల రూపాయలనీయ జూపెను. ధనమునకు బదులుగా సంస్థానములు తమ ఖర్చుపై కొన్ని దళములను సిద్ధముచేసి యుంచి, అవసరమైనపుడు సామ్రాజ్యసేవకు పంపవలెనను ఏర్పాటు అటుపిమ్మట 1888, 89 సంవత్సరములలో వచ్చినది. ఇంపీరియల్ సర్వీసు అను పేరున కదియే కారణము. దళము నిజాముది, జీతము నిజాముది, యుద్ధము మాత్రము ఇంగ్లండుది. ఈ మాటను మఱువకుడు. తరువాత దీనితో పని కలదు.

1914లో మొదటి ప్రపంచయుద్ధము పుట్టగనే మొదటి లాన్సర్సు దళము ఈజిప్టునకు పయనమయ్యెను. అచ్చట మైసూరు లాన్సర్సు మొదలగువారు వీరితో చేరగా 15వ ఇంపీరియల్ సర్వీసు అశ్వికదళ బ్రిగేడు ఏర్పడినది; జోధపురము లాన్సర్సు తరువాత వచ్చి చేరిరి. మొదట సూయజు కాలువకు కావలి. తరువాత సినాయి యెడారి. ఆ తరువాత పాలస్తీనా, సిరియా. హుసేన్ సాగరపు గాలి పీల్చిన గుఱ్ఱములును రౌతులును నాలుగేండ్లు ఇసుకలో నుండిరి. యుద్ధమన్నంతనే మన మనస్సునకు పరుగులెత్తు గుఱ్ఱములు తోచును గాని, వారి నాలుగేండ్లలో నధికభాగము కావలి కాయుటయందును, గస్తీ తిరుగుటయందును, నీరు మోయుటయందును, జబ్బుపడుటయందును గడచియుండును. యుద్ధములన్నియు నట్టివే.

వీరి బ్రిగేడు పేరును లోకమునకు చాటినది హైఫా పట్టణముపై దాడి. 1918 సెప్టెంబరు 23వ తేదీ. ఒకవంక కార్మెలు పర్వతము, వేరొకవంక బురదయొడ్డులుగల కిషోను నది. నడుమ నిఱుకైన త్రోవ. కొండపై టర్కీవారి ఫిరంగులును మరతుపాకులును. మైసూరు రౌతులు కొందఱు కొండయెక్కి ఫిరంగులమీద పడిరి. జోధపురము రౌతులు త్రోవవెంట బల్లెములతో దూకిరి. వారి నాయకుడు మేజరు దల్పత్‌సింగు అచ్చటనే నేలకొఱగెను. సాయంకాలమునకు పట్టణము వారి వశమయ్యెను. 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు, 11 మరతుపాకులు చిక్కినవి. బ్రిగేడున చచ్చినవారు 8 మంది. గాయపడినవారు 34 మంది. చచ్చిన గుఱ్ఱములు 60. మరతుపాకుల కెదురుగా బల్లెములతో పోయి గెలిచిన దాడులలో నిది కడపటివానిలో నొకటి యని యుద్ధశాస్త్రజ్ఞులందురు.

ఇచ్చట నొక మాట స్పష్టముగా చెప్పవలెను. హైఫా దాడిని మన హైదరాబాదు రౌతులే నడిపిరని ఈ నడుమ సభలలో వినుచున్నాను. ఆనాటి దాడి మైసూరు, జోధపురము దళములది. మన దళము అదే బ్రిగేడున మూడవది. నాలుగేండ్ల శ్రమలో సమభాగము గలవారికి ఒక్క మధ్యాహ్నపు కీర్తిని అరువు తెచ్చి కట్టబెట్టనక్కఱలేదు. ఉన్నదానితోనే వారు గొప్పవారు.

ఆ మూడు దళములకు గుర్తుగా 1922లో ఢిల్లీ నగరమున లియొనార్డ్ జెన్నింగ్సు అను శిల్పి చేసిన మూడు కంచువిగ్రహములను నిలిపిరి. నడుమ తెల్లరాతి స్తంభము, చుట్టు ముగ్గురు యోధులు: హైదరాబాదువాడొకడు, మైసూరువాడొకడు, జోధపురమువాడొకడు. అదియే తీన్ మూర్తి. మూడు విగ్రహములును ఒకే యెత్తు. ఎవడు దాడిచేసెను, ఎవడు వెనుకనుండెను అను తారతమ్యము శిల్పి పాటింపలేదు. తరువాత 1930లో ఆ కూడలి ప్రక్కన సర్వసేనానికై యొక భవనము కట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప అందు జవహర్‌లాల్ నెహ్రూగారు కాపురముండిరి. విగ్రహముల పేరు భవనమునకు వచ్చినది. భవనపు కీర్తిలో విగ్రహములు మఱుగుపడినవి. తీన్ మూర్తి యనగా నెహ్రూగారి యిల్లనియే దేశమంతయు నెఱిగినది; ఆ మూర్తులెవరని యడిగినవారరుదు. మన చెరువు పేరుమీద నెహ్రూగారి పార్కు, మన రౌతు విగ్రహము ప్రక్కన నెహ్రూగారి యిల్లు! ఇది యాదృచ్ఛికమే యైనను చెప్పకుండ నుండలేకపోయితిని. 2018 జనవరిలో ఇజ్రాయెలు ప్రధాని వచ్చినపుడు ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చిరి. దానితో కొంద ఱా విగ్రహములవైపు మరల తలయెత్తి చూచిరి.

హైదరాబాదు రౌతు ఢిల్లీలో కంచై నిలిచినాడు. అతడు విడిసిన పేటలో నతని జ్ఞాపకమేదని వెదకితిని. మన పేటవారి నోట నిలిచిన ఫస్ట్ లాన్సర్ అను రెండు మాటలే నాకు దొరకినవి.

కారణము లేకపోలేదు. యుద్ధము ముగియకమునుపే 1918లో ఏడవ నిజామునకు హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అను బిరుదము వచ్చినది. ప్రభువునకు బిరుదము వచ్చినది గాని రౌతునకేమి వచ్చినదో యెవరును వ్రాసి పెట్టలేదు. పిమ్మట 1948 సెప్టెంబరున సంస్థానము భారతదేశమున చేరినది. ఆ కొలది దినములలో నిజాము సేన భారతసేనకు ఎదురునిలిచినది, తరువాత రద్దయినది. రద్దైన సేనకు స్మారకము కట్టువారెవరు? ఓడిన ప్రభువు కొలువులో నుండిన వానిని తలచుటకు జనులు జంకుదురు. పెన్షను పుస్తకములతోబాటు వారి కథలును పెట్టెల యడుగునకు చేరినవి. హైదరాబాదు అను పేరుగల వేరొక సైన్యదళము ఇంగ్లీషువారి సేనలో నుండెడిది. అదియు 1945లో కుమావూను దళముగా పేరు మార్చుకొనినది. రెండవ యుద్ధమున 1941 డిసెంబరు 8న జపానువారు మలయాలోని కోటభారు తీరమున దిగినపుడు అచ్చటి విమానాశ్రయమునకు కావలి కాసినవారిలో హైదరాబాదు సంస్థానపు పదాతిదళ మొకటి యుండెనని మన పిల్లల పాఠ్యపుస్తకములలో లేదు.

విదేశములలో రాయి నిలిపినను దానికి రక్ష యుండునని చెప్పలేము. మొదటి యుద్ధమున ఈజిప్టు పాలస్తీనా రంగములలో మడిసిన భారతసైనికులు సుమారు 4,000 మంది పేరులతో సూయజు కాలువ మొగదల పోర్టు తౌఫీకు అనుచోట 1926లో నొక గొప్ప స్మారకమును నిలిపిరి. దానికిరువైపుల రెండు శిలావ్యాఘ్రములుండెను. 1967 తరువాత ఈజిప్టు ఇజ్రాయెలు యుద్ధములలో ఆ స్మారకము దెబ్బతిని శిథిలమైనది. యుద్ధమృతుల స్మారకము యుద్ధముననే మృతినొందినది! ఆ పేరులను కైరో చెంతనున్న హీలియోపోలిస్ శ్మశానవాటికలో క్రొత్తగా చెక్కించి 1980లో ప్రతిష్ఠించిరి. రాయి పోయినను పేరుల పట్టిక భద్రముగా నుండుటచేతనే యది సాధ్యమైనది. ఈ సంగతిని మన తీర్మానకర్తలు గమనింపవలెనని నా ప్రార్థన. మనము రాతికి లక్షలు కేటాయించితిమి. పట్టికకు కాగితమైనను కేటాయింపలేదు.

పట్టిక యన్నంతనే రెండవ ప్రశ్న వచ్చును. ఎవరి పేరులు?

మృతసైనికుల సమాధులను చూచుటకు 1917లో ఇంగ్లీషు సామ్రాజ్యమువా రొక సంస్థను స్థాపించిరి. హోదాభేదము, జాతిభేదము, మతభేదము లేక అందఱికిని సమానమైన గౌరవమని దాని సూత్రము. సూత్రము మంచిదే. కాని శతాబ్దము గడచిన పిదప, 2021లో, ఆ సంస్థయే నియమించిన సంఘము లెక్కలు తిరుగవేసి యొప్పుకొనినదేమన: ఆసియా, ఆఫ్రికా ఖండముల మృతులలో 45,000 మొదలు 54,000 మంది వఱకు అసమానముగా స్మరింపబడిరి, కనీసము 1,16,000 మంది పేరులు ఎచ్చటను చెక్కబడలేదు, వారిలో కొందఱికి స్మారకమే లేదు. తెల్లవానికి పేరుతో వేరు సమాధి, నల్లవానికి సంఖ్య. అప్పటి అధికారులు చెప్పిన సమాధానము: ఆ జాతులవారికి పేరుల పట్టింపు లేదు, సమాధుల యాచారము లేదు. ఆ మాట మనకు కష్టముగా నున్నది గదా! ఇతరులు మనయెడ చేసినపుడు కష్టముగా నున్న పనిని మన రాతిమీద మనమే చేయబూనుట తగునా?

పెద్దలు కోపగింపకుందురు గాక. తీర్మానపు ముసాయిదాలో "మన కులమునకు చెందిన వీరుల నామములు" అని యున్నది. కులసంఘము గనుక కులమువారి పేరులు వ్రాయుట సహజమేయని మీరనవచ్చును. విద్యార్థి వసతిగృహమునకును వివాహవేదికకును ఆ నియమము చెల్లును. దారిప్రక్క నిలుపు రాతికి చెల్లదని నా యభిప్రాయము. ఒకే గుడారమున పండి, ఒకే బావినీరు త్రాగి, ఒకే గుండుదెబ్బకు కూలిన ఇద్దఱిలో నొకని పేరు చెక్కి వేరొకనిని విడిచినచో, ఆ రాతిని చూచి వాని మనుమడేమనుకొనును?

మన తెలుగుదేశపు ప్రాచీనాచారము నడుగుదము. ఊరి పొలిమేరలలో, చెరువుగట్లమీద, దేవాలయముల ప్రాకారములలో మీరు చూచిన వీరగల్లులే మన మొదటి యుద్ధస్మారకములు. అందు సామాన్యముగా మూడంతస్తులు. క్రిందిదానిలో వీరుడు పోరాడుచుండును. నడిమిదానిలో అప్సరసలు వానిని కొనిపోవుచుందురు. పైదానిలో శివలింగము నెదుట వాడు కూర్చుండియుండును. శిఖరమున సూర్యచంద్రులు, ఆచంద్రార్కమని యర్థము. వీరందఱును రాజులు కారు. పసులమందను దొంగలు తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి చచ్చిన ఊరికాపులు, పులితో పెనగిన బోయలు, ఊరు కాచి పడిన తలారులు పలువురు. మడిసినవాని కుటుంబమునకు పన్నులేని భూమి నిచ్చు నాచారమును కలదు. కన్నడదేశమున దానిని నెత్తరు కొడగె యనియు, తమిళదేశమున ఉదిరప్పట్టి యనియు చెప్పుదురు. రాయితోబాటు భూమి! పూర్వులు మనకంటె బుద్ధిమంతులని యొకొక్కప్పుడు తోచును. మన ముసాయిదాలో రాయి యున్నది, పూలమాల యున్నది, విధవకు ఫీజు మాఫీ యైనను లేదు.

వీరగల్లులకంటె గొప్ప యుదాహరణము పల్నాటిలో కలదు. కారెంపూడియందు నాగులేటి యొడ్డున పల్నాటి వీరుల గుడి. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధమున మడిసినవారికి కార్తికమాసమున అమావాస్య మొదలుగా అయిదు దినములు ఆరాధనము జరుగును. వారి యాయుధములే యచ్చటి దేవతలు. ఎనిమిది వందల యేండ్లుగా అడుగువాడును చెప్పువాడును తప్పని స్మారకము మనకదియొక్కటియే. ఏల నిలిచినది? ఆ వీరులలో బ్రహ్మనాయుడు పుత్రునిగా స్వీకరించి సేనానిగా చేసిన మాలకన్నమదాసు కలడు. బాలచంద్రుని తోడిపోరగాండ్రలో బ్రాహ్మణుడైన అనపోతరాజు మొదలుగా వివిధవృత్తులవారు కలరు. ఎల్లకులములవారును ఒకే చాపపై కూర్చుండి భుజించు చాపకూడు ఆ యుత్సవములో నొక భాగము. ప్రతి యింటివానికిని ఆ గుడిలో తనవాడొకడున్నాడు. అందుచేత ప్రతి యిల్లును దానిని కాచుకొనినది. ఒక్క కులమువారి గుడియే యైనచో అది యీపాటికి ఏ చింతచెట్టు వేరులలోనో కలిసియుండును.

నేటి కాలమువారును చేతకానివారు కారు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమందురు. మొదటి మహాయుద్ధమునకు తమ యూరినుండి 90 మంది, రెండవదానికి వేయిమందికి పైగా పోయిరని ఆ యూరివారు చెప్పుదురు. ఇంటింట సైనికుడున్న యా గ్రామమున స్మారకమును కలదు. దానిని చూచుటకు పోవలసిన దూరము వారికి నాలుగడుగులు. ఇక సూర్యాపేట. 2020 జూను 15వ తేదీ రాత్రి గల్వాను లోయలో చైనావారితో జరిగిన పెనుగులాటలో 16వ బీహారు దళపు అధిపతి కర్నలు సంతోష్‌బాబుతో కూడ 20 మంది మడిసిరి. ఆయన సూర్యాపేటవాడు, కోరుకొండ సైనికపాఠశాలలో చదివినవాడు. మరుసటి సంవత్సరము అదే తేదీన పట్టణమున నాయన విగ్రహమును నెలకొల్పిరి. మరణానంతరము మహావీరచక్రము వచ్చినది. ఇందు నాకు నచ్చిన సంగతి వేరొకటి కలదు. ఆనాడు తెలంగాణ ప్రభుత్వము కర్నలు కుటుంబమునకు సాయము ప్రకటించుచు, తక్కిన 19 మంది కుటుంబములకును తలకు 10 లక్షల రూపాయలు ప్రకటించినది. వారిలో తెలంగాణమువారు లేరు. మనవాడు, పరాయివాడు అనక ఒక రాత్రి కలిసి చచ్చినవారని యెంచుటయే సరియైన లెక్క.

మూడవ సందేహము మాటను గూర్చినది. ముసాయిదాలో రాతిపై చెక్కవలసిన వాక్యము "దేశమాతకై ప్రాణములర్పించిన" అని మొదలగుచున్నది. 1947 తరువాత సరిహద్దులలో మడిసినవారికి ఆ వాక్యము తగును. 1918లో పాలస్తీనాలో చచ్చిన ఫస్ట్ లాన్సర్ రౌతునకు తగునా? దళము నిజాముది, యుద్ధము ఇంగ్లండుది అని మొదట మనవి చేసితిని. ఆ దినములలోనే ఈ దేశమున స్వరాజ్యమని యడిగినవారిని చెఱసాలలో పెట్టుచుండిరి. వాడు జీతమునకు పోయెను. ఉప్పు తిన్న విశ్వాసమునకు పోయెను. ఇంటిలో నలుగురు తమ్ముండ్రుండగా తిండికై పోయెను. వాని చావు చిన్నది కాదు. దానిని పెద్దది చేయుటకు మనము లేని మాటను తగిలింపనక్కఱలేదు. సామ్రాజ్యము కొఱకు పోరాడినవానికి మన మేల రాయి వేయవలెనని యువకులు కొందఱు కార్యదర్శిగారి నడిగిరని విన్నాను. న్యాయమైన ప్రశ్న. నా సమాధానమిది: రాయి యుద్ధమును మెచ్చుకొనుటకు కాదు, ఇంటికి తిరిగిరాని వానికి. ఎవరి యుద్ధమో, ఏ సంవత్సరమో, ఎచ్చటనో ఉన్నదున్నట్లు వ్రాయుదము. "మరణించిరి" అను క్రియ చాలును. అది సకర్మకము కాదు గనుక అబద్ధమాడుటకు దానిలో చోటు తక్కువ.

ఇక పని మాట. పేరులు సేకరించుట కష్టమని నిరాశ చెందవలదు. మొదటి యుద్ధపు వెండి పతకములున్న యిండ్లలో వాని అంచును భూతద్దముతో చూడుడు. సైనికుని సంఖ్య, పేరు, దళము అందు చెక్కబడియుండును. పతకమును కంసాలికి కరగించుటకిచ్చిన యిండ్లు కలవని నాకు తెలియును; మిగిలినవారైనను ఇయ్యకుడు. యుద్ధసమాధుల సంస్థవారి పట్టికలలో భారతసైనికునికి పెక్కుచోటుల తండ్రిపేరు, గ్రామము, తాలూకా కూడ నున్నవి. ఇంగ్లీషు గుమాస్తా వ్రాసిన తెలుగుపేరులు గుర్తుపట్టరాని రూపములు దాల్చియుండును. చదువునపుడు గట్టిగా పలికి చూచినచో నిజమైన పేరు చెవికి తగులును. ఈ పనికి నావంటి పనిలేని పంతులు నలుగురు చాలుదురు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారిని, ఎ.సి. గార్డ్స్‌లోని సిద్దీ పెద్దలను, ఫస్ట్ లాన్సర్ మసీదు పరిసరముల వృద్ధులను కలిసికొనవలెను. వారిని మన సభకు పిలుచుట కాదు, మనమే వారి గుమ్మములకు పోవుట మర్యాద.

దాతల పేరులను గూర్చి యొక్క మాట చెప్పి ముగింతును. పోషకుల ఔదార్యము లేనిదే ఈ వసతిగృహము లేదు, ఈ సంచిక లేదు, ఈ పందిరి లేదు. వారి పేరులు చిరస్థాయిగా నుండవలసినవే. అయినను స్మారకశిల ముందువైపున పదునెనిమిది అంగుళముల యక్షరములతో దాతల పేరులును, వెనుకవైపున మృతుల పేరులును అని ముసాయిదాలోని చిత్తరువు చూపుచున్నది. దాతల పేరులకు వసతిగృహపు ముఖద్వారమునందు చలువరాతి ఫలకము వేయింతము. అచ్చట దినమునకు రెండువందల మంది బాలురు చదువుదురు. స్మారకమునకు రెండువైపులును మృతులకే విడుతము. ఇందుకు మొదటగా సమ్మతించినవారు మన పోషకులలో అందఱికంటె నెక్కువ విరాళమిచ్చినవారని కార్యదర్శిగారు ఇప్పుడే నాకు చీటి పంపినారు.

కావున రేపటి తీర్మానమునకు నా సవరణలు ఇవి: "మన కులమునకు చెందిన" అను మాటలకు మాఱుగా "ఈ ప్రాంతమునకు చెందిన" అని యుండవలెను. పేరులు హోదాక్రమమున గాక అకారాదిక్రమమున నుండవలెను. రాతికి ముందు పట్టిక సిద్ధము కావలెను. పట్టికకై యయిదుగురితో నొక ఉపసంఘము, ఒక సంవత్సరము గడువు. పతకములు, పాత పెన్షను కాగితములు, సిపాయి దుస్తులలోని ఛాయాచిత్రములు గలవారు వానిని రేపు ఉదయము పది గంటలలోపల వసతిగృహపు కార్యాలయమునకు తెచ్చినచో, చూచి, వ్రాసికొని, అప్పుడే తిరిగి యిచ్చివేయుదుము.